గర్భవిచ్ఛిత్తి వైద్యశాలల ప్రవేశరక్షణ చట్టాలు: రాజకీయ చర్చ, పరిభాష – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

గర్భవిచ్ఛిత్తి వైద్యశాల వాకిలి దగ్గర ఎవరు నిలబడవచ్చు, ఎంత దూరంలో నిలబడవచ్చు, లోపలికి వెళ్ళే స్త్రీతో ఏం మాట్లాడవచ్చు అన్న ప్రశ్నపై అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మూడు దశాబ్దాలకు పైగా వివాదం నడుస్తున్నది. 1994 నాటి 'ఫేస్' చట్టం, రాష్ట్రాలు చేసిన 'బఫర్ జోన్' చట్టాలు, వాటిపై వచ్చిన న్యాయస్థానాల తీర్పులు ఈ వివాదానికి ప్రధాన ఆధారాలు. మాటకూ అడ్డగింతకూ మధ్య హద్దును చట్టం ఎలా గీసిందో, ఆ గీత రాజకీయంగా ఎందుకు నిలకడగా ఉండలేకపోయిందో ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ విషయాన్ని తెలుగులో చెప్పేటప్పుడు ఎదురయ్యే పరిభాషా సమస్యలను కూడా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: గర్భవిచ్ఛిత్తి, ప్రవేశరక్షణ, ఫేస్ చట్టం, బఫర్ జోన్, పికెటింగ్, వాక్స్వాతంత్ర్యం, పరిభాష.

1. ఉపోద్ఘాతం

అనువాద అధ్యయనాల తరగతిలో ఒకసారి అమెరికా వార్త ఒకటి ఇచ్చి తెలుగు చేయమన్నాను. వైద్యశాల ద్వారాన్ని అడ్డగించినందుకు శిక్షపడినవారికి అధ్యక్షుడు క్షమాభిక్ష ఇచ్చాడన్నది ఆ వార్త. ఒక విద్యార్థిని 'గర్భస్రావ వ్యతిరేక ఉద్యమకారులకు క్షమాభిక్ష' అని శీర్షిక పెట్టింది. పక్కనున్న మరో విద్యార్థి "గర్భస్రావాన్ని వ్యతిరేకించడమేమిటి మేడమ్, అది జరక్కూడదనే కదా అందరూ కోరుకునేది" అన్నాడు. తరగతి నవ్వింది. ప్రశ్న మాత్రం అసలైనదే. మూలంలోని వివాదం అనువాదంలో మాయమైపోయింది.

ఈ చట్టాల గురించి తెలుగులో వార్తలు వస్తున్నాయి గాని, వాటి వెనుక ఉన్న వాదప్రతివాదాల విశ్లేషణ చాలా తక్కువ. అమెరికాలో తెలుగువారు లక్షల సంఖ్యలో స్థిరపడ్డారు. అక్కడి ఎన్నికల చర్చలు ఇక్కడి ఇళ్ళలోనూ వినిపిస్తున్నాయి. ఆ చర్చను సరిగా అర్థం చేసుకోవడానికి ముందుగా పదాల సంగతి తేల్చుకోవలసి ఉంది.

2. పదాల సమస్య

వ్యవహారంలోని తెలుగు ఈ విషయంలో పత్రికల తెలుగు కంటే స్పష్టమైనది. 'కడుపు పోయింది' అంటే తనంతట తాను జరిగినది. 'కడుపు తీయించుకుంది' అంటే నిర్ణయం తీసుకొని చేయించుకున్నది. క్రియలోనే కర్తృత్వం ఉంది. 'గర్భస్రావం' అనే సంస్కృత సమానికి ఈ భేదం లేదు. స్రావం అంటే జారిపోవడం మాత్రమే. ఆయుర్వేద గ్రంథాలలో గర్భస్రావం, గర్భపాతం అనే రెండు పదాలున్నా, అవి గర్భం నిలిచిన నెలలను బట్టి చేసిన విభజన. నాలుగో నెల వరకు స్రావం, ఆ తరువాత పాతం. ఎవరి నిర్ణయమన్నది అక్కడ ప్రసక్తిలో లేదు. అందువల్ల ఈ వ్యాసంలో వైద్యసహాయంతో ఇచ్ఛాపూర్వకంగా జరిగే దానికి 'గర్భవిచ్ఛిత్తి' అనే పదాన్నే వాడుతున్నాను.

'భ్రూణహత్య' అనే పదం మరింత చిక్కైనది. ధర్మశాస్త్రాల నుంచి వచ్చిన ఈ మాట నేటి తెలుగులో దాదాపుగా 'ఆడ భ్రూణహత్యలు' అన్న పదబంధంలోనే వినిపిస్తుంది. లింగనిర్ధారణ పరీక్షలను నియంత్రిస్తూ 1994లో వచ్చిన కేంద్ర చట్టం, దాని చుట్టూ స్త్రీసంఘాలు చేసిన ప్రచారం ఈ పదానికి స్త్రీపక్షపు స్పృహను తెచ్చిపెట్టాయి. అమెరికాలో దీనికి దగ్గరైన మాటలను వాడేది గర్భవిచ్ఛిత్తిని నిషేధించాలనే పక్షం. అక్కడి వాదాన్ని ఇక్కడి 'భ్రూణహత్య'తో అనువదిస్తే, పాఠకుడు తెలియకుండానే తారుమారైన పక్షంలో నిలబడతాడు. అదే 1994లో అమెరికా కాంగ్రెస్ వైద్యశాలల ద్వారాలకు రక్షణ కల్పిస్తూ చట్టం చేయడం యాదృచ్ఛికమే అయినా, రెండు సమాజాల ఆందోళనలు ఎంత వేరువేరు దిశలలో ఉన్నాయో ఆ సంవత్సరం చూపుతుంది.

ఇక 'బఫర్ జోన్'. హైదరాబాదు చెరువుల పుణ్యమా అని ఈ మాటకు ఇప్పుడు వివరణ అక్కరలేదు. అయితే చెరువు బఫర్ జోన్‌లో నిషేధం కట్టడాలపైన. వైద్యశాల బఫర్ జోన్‌లో నిషేధం మనుషుల ఉనికిపైన, కొన్నిచోట్ల వారి మాటపైన.

3. చట్టం పుట్టిన సందర్భం

1973 జనవరి 22న 'రో వర్సెస్ వేడ్' తీర్పు గర్భవిచ్ఛిత్తిని రాజ్యాంగ హక్కుగా గుర్తించింది. తీర్పును కోర్టులో తిప్పికొట్టలేకపోయిన వ్యతిరేకులలో ఒక వర్గం వీధిని ఎంచుకుంది. 1986లో ర్యాండల్ టెర్రీ స్థాపించిన 'ఆపరేషన్ రెస్క్యూ' వందలమందిని వైద్యశాలల గుమ్మాల ముందు బైఠాయింపజేసేది. 1991 వేసవిలో కాన్సస్ రాష్ట్రం విచిటా నగరంలో ఈ దిగ్బంధం వారాల తరబడి సాగింది, వేలమంది అరెస్టయ్యారు. అరెస్టయినవారిపై ఉండే అభియోగం సాధారణంగా ఇతరుల స్థలంలోకి అక్రమంగా చొరబడటం. చిన్న జరిమానా, మళ్ళీ మరునాడు అదే గుమ్మం.

వైద్యశాలల తరఫున న్యాయవాదులు ఒక పాత ఆయుధాన్ని వెతికి తీశారు. అంతర్యుద్ధానంతరం నల్లజాతివారిని రక్షించడానికి 1871లో చేసిన, కు క్లక్స్ క్లాన్ చట్టంగా పేరొందిన శాసనం అది. ఒక వర్గం ప్రజల సమానహక్కులను హరించడానికి కుట్ర చేసేవారిపై దాని కింద దావా వేయవచ్చు. దిగ్బంధం స్త్రీలనే వర్గంపై కుట్ర అన్నది వారి వాదన. 1993 జనవరిలో 'బ్రే' కేసులో సుప్రీంకోర్టు దీనిని తిరస్కరించింది. గర్భవిచ్ఛిత్తిని వ్యతిరేకించడం స్త్రీలను స్త్రీలుగా ద్వేషించడం కాదన్నది అధికసంఖ్యాక న్యాయమూర్తుల అభిప్రాయం. ఆ పాత ద్వారం మూసుకుపోవడంతో కొత్త చట్టం అవసరమైంది.

రెండు నెలలు తిరగకుండానే, 1993 మార్చి 10న ఫ్లోరిడాలోని పెన్సకోలాలో డాక్టర్ డేవిడ్ గన్‌ను వైద్యశాల బయట కాల్చిచంపారు. ఆగస్టులో విచిటాలో డాక్టర్ జార్జ్ టిల్లర్‌పై కాల్పులు జరిగాయి. ఆ రోజు చేతులకు గాయాలతో బయటపడిన టిల్లర్, 2009 మే 31న తన చర్చిలోనే హత్యకు గురయ్యాడు. సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ ముందుండి నడిపిన బిల్లు ప్రతినిధుల సభలో 241–174, సెనేట్‌లో 69–30 ఓట్లతో నెగ్గి, 1994 మే 26న అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంతకంతో చట్టమైంది. ఓట్ల తేడాను బట్టి చూస్తే అది అప్పటికి పూర్తిగా పార్టీల చీలిక కాదు. కాల్పులు, దిగ్బంధాలు రిపబ్లికన్లలోనూ కొందరిని కలవరపెట్టాయి. చట్టం వచ్చిన రెండు నెలలకే, అదే పెన్సకోలాలో మరో వైద్యుడు, ఆయనకు రక్షణగా వచ్చిన వ్యక్తి హతులయ్యారు.

4. చట్టం ఏం నిషేధించింది?

దీని పూర్తి పేరు 'ఫ్రీడమ్ ఆఫ్ యాక్సెస్ టు క్లినిక్ ఎంట్రన్సెస్ యాక్ట్'. పొడి అక్షరాలు కలిపితే 'ఫేస్'. పేరులో గర్భవిచ్ఛిత్తి అన్న మాట లేదు. చట్టపాఠం 'పునరుత్పత్తి ఆరోగ్యసేవలు' అంటుంది. అంటే గర్భవతులను గర్భవిచ్ఛిత్తి వద్దని ఒప్పించడానికి నడిపే సహాయకేంద్రాలు కూడా దీని నీడలోకి వస్తాయి. సెనేటర్ ఆరిన్ హాచ్ పట్టుబట్టి చేర్పించిన మరో భాగం ప్రార్థనాస్థలాలకు వెళ్ళేవారికీ ఇదే రక్షణ ఇస్తుంది. ఈ రెండు సంగతులూ తరువాతి రాజకీయాలలో కీలకమయ్యాయి.

చట్టం నిషేధించినవి బలప్రయోగం, బలప్రయోగపు బెదిరింపు, భౌతికమైన అడ్డగింత, సంస్థ ఆస్తి ధ్వంసం. నిర్వచనాలను జాగ్రత్తగా చదవాలి. 'భయపెట్టడం' అంటే తనకో మరొకరికో దేహహాని కలుగుతుందన్న సహేతుకమైన భయాన్ని కలిగించడం. మనసు నొచ్చుకోవడం, సిగ్గుపడటం దీని కిందికి రావు. 'భౌతిక అడ్డగింత' అంటే రాకపోకలను అసాధ్యంగానో, అనుచితమైన కష్టంగానో, ప్రమాదకరంగానో మార్చడం. శాంతియుతమైన పికెటింగును, ప్రదర్శనను ఈ చట్టం నిషేధించదని మరో నిబంధన విడిగా చెప్తుంది. హింసలేని అడ్డగింతకు మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, 10,000 డాలర్ల వరకు జరిమానా. హింసకు అంతకంటే ఎక్కువ. మరణం సంభవిస్తే యావజ్జీవం వరకు.

వైద్యశాల ఎదుటి కాలిబాటపై నిలబడి, లోపలికి వెళ్తున్న స్త్రీని హంతకురాలని అరిచినవాడిని ఈ చట్టం తాకదు. ఒక్క మాటా మాట్లాడకుండా, ప్రార్థన చేసుకుంటూ, తలుపుకు అడ్డంగా కూర్చున్నవాడిని తాకుతుంది. మొదటివాడి వల్ల కలిగే బాధ ఎక్కువ కావచ్చు. కాని చట్టం కొలిచేది బాధను కాదు, దారిని. 'ఫేస్' చట్టపు బలం, దానిపై అసంతృప్తి రెండూ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

5. అడుగుల లెక్క

మాటల గాయాన్ని కూడా ఆపాలనుకున్న రాష్ట్రాలు దూరాన్ని ఆశ్రయించాయి. కొలరాడో రాష్ట్రం 1993లో ఆరోగ్యకేంద్రం ద్వారానికి 100 అడుగుల పరిధిలో ఒక నియమం పెట్టింది. కరపత్రం ఇవ్వడానికో, నిరసన తెలపడానికో, సలహా చెప్పడానికో ఎదుటివారి సమ్మతి లేకుండా ఎనిమిది అడుగుల కంటే దగ్గరికి వెళ్ళరాదు. 2000లో 'హిల్ వర్సెస్ కొలరాడో' కేసులో సుప్రీంకోర్టు 6–3తో దీనిని సమర్థించింది.

మాసచూసెట్స్ కథ ఇంతకంటే విషాదకరం. 1994 డిసెంబరు 30న బోస్టన్ శివారు బ్రూక్‌లైన్‌లో ఒక సాయుధుడు రెండు వైద్యశాలలలో చొరబడి ఇద్దరు ఉద్యోగినులను చంపాడు. ఆ రాష్ట్రం 2000లో కొలరాడో తరహా చట్టం చేసి, అది చాలడం లేదని 2007లో దానిని మార్చింది. ద్వారం చుట్టూ 35 అడుగుల దూరంలో కాలిబాటపై గీత గీసి, సిబ్బంది, వచ్చిపోయేవారు మినహా ఎవరూ ఆ లోపల నిలబడరాదన్నారు. ఈ చట్టాన్ని సవాలు చేసిన ఎలినార్ మెకల్లెన్ డెబ్బై ఏళ్ళు దాటిన వృద్ధురాలు. తాను నిరసనకారిణిని కానని, కేకలు వేయనని, దగ్గరగా నిలబడి మెల్లగా మాట్లాడి సహాయం అందిస్తానని, గీత అవతలి నుంచి అది సాధ్యం కాదని ఆమె వాదన. 2014 జూన్ 26న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ చట్టాన్ని కొట్టివేసింది. అరిచేవాళ్ళకు 35 అడుగులు అడ్డు కాదు; మెల్లగా మాట్లాడేవాళ్ళకే అడ్డు. అడ్డగింతే సమస్య అయితే 'ఫేస్' వంటి చట్టం చేసుకోవచ్చునని కూడా తీర్పు సూచించింది.

ఇక్కడ ఒక పోలిక మన పాఠకులకు ఉపయోగపడుతుంది. 1951 నాటి మన ప్రజాప్రాతినిధ్య చట్టం 130వ సెక్షన్ ప్రకారం పోలింగు రోజున కేంద్రానికి వంద మీటర్ల లోపల ఓట్లు అడగరాదు. సున్నంతో గీసిన ఆ గీతను మనమెవరమూ వాక్స్వాతంత్ర్యంపై దాడిగా భావించం. అమెరికా సుప్రీంకోర్టు కూడా 1992లో టెనెసీ రాష్ట్రపు 100 అడుగుల పోలింగు గీతను సమర్థించింది. ఓటరుకు చివరి వంద అడుగులు ఒంటరిగా నడిచే హక్కు ఉందని అంగీకరించిన న్యాయస్థానం, రోగికి 35 అడుగులు ఇవ్వలేదు. రెండూ ఒకటేనని నేను అనడం లేదు. పోలింగు ఏడాదికి ఒక రోజు, వైద్యశాల రోజూ ఉంటుంది. ఏడాది పొడవునా ఒక కాలిబాటను మూసివేయడం చిన్న విషయం కాదు. అయినా ఆ భేదాన్ని తీర్పులు తృప్తికరంగా వివరించాయని నాకు అనిపించదు.

'హిల్' తీర్పు సాంకేతికంగా ఇంకా బతికే ఉంది. ఇలినాయ్ రాష్ట్రం కార్బన్‌డేల్ పట్టణం చేసిన అటువంటి నియమాన్ని ఆధారం చేసుకొని దానిని తిరగదోడమని కోరితే, 2025 ఫిబ్రవరి 24న సుప్రీంకోర్టు విచారణకు నిరాకరించింది. జస్టిస్ థామస్, జస్టిస్ అలిటో మాత్రం విభేదించారు.

బ్రిటన్ వేరే దారిలో వెళ్ళింది. అక్కడి కొలమానం దామాషా: ఒక హక్కును ఎంత తగ్గిస్తే మరొక హక్కు ఎంత నిలబడుతుంది అన్న తూకం. 2022 డిసెంబరులో ఉత్తర ఐర్లండ్ బిల్లుపై అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆమోదం తెలిపింది. స్కాట్లండ్ పార్లమెంటు 2024లో 118–1తో 200 మీటర్ల పరిధిని ఆమోదించింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 150 మీటర్ల పరిధి 2024 అక్టోబరు 31 నుంచి అమలులో ఉంది. అయితే దూరం పెరిగేకొద్దీ 'అడ్డగింత' అన్న మాట పలచబడుతుంది. బోర్న్‌మత్‌లో స్థానిక మండలి ప్రకటించిన నిషిద్ధ పరిధిలో, 'మాట్లాడాలనుకుంటే ఇక్కడున్నాను' అనే అర్థంగల అట్ట పట్టుకొని నిలబడిన ఒక మహిళను 2025 ఏప్రిల్‌లో న్యాయస్థానం దోషిగా తేల్చి, 20,000 పౌండ్ల ఖర్చులు చెల్లించమంది. అదే పట్టణంలో మౌనంగా ప్రార్థించిన మరొకరికి 2024 అక్టోబరులో శిక్షపడింది. ఆ ఉదంతాన్ని అమెరికా ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ 2025 ఫిబ్రవరిలో మ్యూనిక్ భద్రతా సదస్సు వేదికపై ఎత్తి చూపాడు. వైద్యశాలకు వెళ్ళే స్త్రీ పక్షాన ఆలోచించేవారు కూడా ఈ రెండు కేసులను తేలిగ్గా తీసుకోలేరు. అట్ట పట్టుకోవడం ఏ దారినీ మూయలేదు.

6. పికెటింగు ప్రశ్న

తెలుగువారికి 'పికెటింగ్' గౌరవప్రదమైన మాట. కల్లు దుకాణాల ముందు, విదేశీ వస్త్రాల దుకాణాల ముందు నిలబడిన తరం దానికి ఆ గౌరవం ఇచ్చింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేకోద్యమం దానిని మళ్ళీ నిలబెట్టింది. అక్కడ స్త్రీలు మాట్లాడి ఊరుకోలేదు. దుకాణాలను మూయించారు, సారాను ఊళ్ళోకి రానివ్వలేదు. 'ఫేస్' చట్టపు కొలతతో కొలిస్తే అది అడ్డగింతే. అమెరికా దిగ్బంధకారులు కూడా తమను శాసనోల్లంఘన సంప్రదాయానికి వారసులుగానే చెప్పుకున్నారు.

ఈ పోలికను పక్కకు నెట్టేయడం నిజాయితీ కాదు. దూబగుంట స్త్రీలు అడ్డుకున్నది తమ ఇంటి కూలిడబ్బును, తమ ఒంటిపై దెబ్బలను ఏలుతున్న వ్యాపారాన్ని. దిగ్బంధకారులు అడ్డుకున్నది తమకు పరిచయం లేని మరొక స్త్రీ శరీరానికి సంబంధించిన నిర్ణయాన్ని. నా దృష్టిలో ఈ తేడా నిర్ణాయకమైనది. గర్భస్థ శిశువును మూడో మనిషిగా చూసేవారు మాత్రం దీనిని ఒప్పుకోరు. వారి లెక్కలో అడ్డుకోవడం ఒక ప్రాణాన్ని కాపాడటం. చట్టం ఈ తగవు తీర్చలేదు. అందుకే అది లక్ష్యాన్ని అడగకుండా, తలుపు తెరిచి ఉందా లేదా అని మాత్రమే అడుగుతుంది. గాంధేయ సత్యాగ్రహంలో శిక్షను స్వీకరించడం ఆచరణలో భాగమన్న సంగతి కూడా, తరువాత వచ్చిన క్షమాభిక్షల నేపథ్యంలో, గుర్తుంచుకోదగినది.

7. అమలు ఎవరి చేతిలో?

2022 జూన్ 24న 'డాబ్స్' తీర్పు 'రో'ను రద్దు చేసింది. హక్కు పోయినా 'ఫేస్' చట్టం పోలేదు. న్యాయస్థానాలు దానిని గర్భవిచ్ఛిత్తి హక్కుపై కాక, అంతర్రాష్ట్ర వాణిజ్యాన్ని నియంత్రించే కాంగ్రెస్ అధికారంపై నిలబెట్టడమే కారణం. రోగులు, వైద్యులు, మందులు రాష్ట్రాల సరిహద్దులు దాటుతాయి. డాబ్స్ తరువాత ఆ మాట మరింత నిజమైంది. నిషేధమున్న రాష్ట్రాల స్త్రీలు పొరుగు రాష్ట్రాల ద్వారాలకు వస్తున్నారు. కార్బన్‌డేల్ అటువంటి సరిహద్దు పట్టణమే.

ఆ తరువాత బైడెన్ ప్రభుత్వం దిగ్బంధ కేసులలో 'ఫేస్'తో పాటు హక్కుల హరణకు కుట్ర అనే అభియోగాన్ని కూడా జోడించింది. దీని మూలం 1870 నాటి చట్టంలో ఉంది. శిక్ష పదేళ్ళ వరకు ఉండవచ్చు. 'బ్రే' కేసు మూసిన 1871 నాటి ద్వారానికి ఇది తోబుట్టువు. వాషింగ్టన్ నగరంలోని ఒక వైద్యశాలను 2020 అక్టోబరులో దిగ్బంధించిన బృందపు నాయకురాలికి 2024లో 57 నెలల శిక్ష పడింది. ఆరు నెలల నేరాన్ని ఏళ్ళ నేరంగా మార్చారని రిపబ్లికన్లు విమర్శించారు. 2022 మేలో డాబ్స్ ముసాయిదా బయటపడ్డాక గర్భవతుల సహాయకేంద్రాలపై జరిగిన దాడుల విషయంలో ఇంత చురుకు చూపలేదన్నది వారి మరో ఫిర్యాదు. ఫ్లోరిడాలో అటువంటి కేంద్రాల గోడలపై బెదిరింపులు రాసినవారిపై 2023లో ఇదే చట్టం కింద అభియోగాలు వచ్చిన మాట నిజమే. సంఖ్యలో తేడా ఉన్న మాట కూడా నిజమే. అయితే వైద్యశాలల గుమ్మాలను మూసివేసే వ్యవస్థీకృత దిగ్బంధాలు ఎక్కువగా ఒకే వైపు నుంచి జరిగాయన్నది ఆ తేడాకు డెమొక్రాట్లు ఇచ్చే సమాధానం.

2025 జనవరి 23న అధ్యక్షుడు ట్రంప్ ఈ కేసులలోని 23 మందికి క్షమాభిక్ష ప్రకటించాడు. మరునాడే న్యాయశాఖ, వైద్యశాలలకు సంబంధించి ఈ చట్టం కింద కేసులు అసాధారణ పరిస్థితులలోనో, మరణం, తీవ్ర దేహహాని వంటి తీవ్రత ఉన్నప్పుడో మాత్రమే పెట్టాలని ఆదేశించింది. ప్రతినిధుల సభలో టెక్సస్ సభ్యుడు చిప్ రాయ్ చట్టాన్నే రద్దు చేయాలని బిల్లు పెట్టాడు. 1994లో తలుపుకు అడ్డంగా కూర్చోవడం నేరమని రాసిన వాక్యం ఇప్పటికీ శాసనగ్రంథంలో ఉంది. ఆ తలుపు దగ్గరికి ఫెడరల్ అధికారి వస్తాడా రాడా అన్నది మాత్రం నాలుగేళ్ళకొకసారి మారే విషయమైంది.

సెనేటర్ హాచ్ చేర్పించిన ప్రార్థనాస్థలాల భాగం ఇంతకాలం దాదాపు నిద్రలో ఉంది. 2025 సెప్టెంబరులో అదే న్యాయశాఖ, న్యూజెర్సీలోని వెస్ట్ ఆరెంజ్‌లో ఒక యూదు ప్రార్థనామందిరం వద్ద జరిగిన నిరసనపై, 'ఫేస్' చట్టం కిందనే సివిల్ దావా వేసింది. రద్దు చేయాలని ఒక పక్షం కోరుతున్న చట్టాన్ని అదే పక్షపు ప్రభుత్వం మరో గుమ్మం దగ్గర ప్రయోగిస్తున్నది.